మొటిమ పోయింది... మచ్చే పోనంటోంది!

సెల్ఫీకి ముందు ఫిల్టర్ పెట్టుకోని వాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి. నేనైతే ఎత్తను. మూడేళ్ల పాటు నా ఫోన్‌లో ఫిల్టర్ లేని నా ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు ఫొటో లెక్కలోకి రాదు లెండి, అందులో ఎవరూ మనుషుల్లా ఉండరు.

మాది ఘంటసాల. ఈ మాట చెప్పగానే ‘పాటల ఘంటసాల గారి ఊరా?’ అంటారు. కాదండీ. ఆయనకి అది ఇంటిపేరు, పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. మాది చల్లపల్లికి దగ్గర్లో, బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. రెండు వేల ఏళ్ల నాటి ఇటుకలు, చెక్కిన రాళ్లు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాకు మాత్రం ఆ వయసులో అద్దం తప్ప ఇంకేదీ కనపడలేదు.

ఇంటర్‌లో మొదలయ్యాయి మొటిమలు. ‘వయసులో అందరికీ వస్తాయి, అవే పోతాయి’ అంది అమ్మ. నిజమే, పోయాయి. కానీ పోతూ పోతూ గుర్తులు పెట్టి పోయాయి. రెండు బుగ్గల మీద, గడ్డం మీద కందిపోయినట్టు ఎర్రటి మచ్చలు. కొన్ని వంకాయ రంగు. ఎడమ బుగ్గ మీద మూడు చిన్న గుంటలు. మొటిమ ఉన్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు గానీ, మచ్చలు మిగిలాక మాత్రం ప్రతి పెళ్లిలో, ప్రతి వ్రతంలో ఒకటే ప్రశ్న: ‘ఏంటమ్మాయ్, ముఖం అలా అయిపోయిందేంటి?’

ఈ ప్రశ్నకి సమాధానం వెతుకుతూ నేను చేసిన తప్పు గురించే ఈ కథనం. నాలాంటి వాళ్లు మన జిల్లాలోనే కాదు, దేశమంతా ఉన్నారని తర్వాత తెలిసింది.

నాలుగు రోజుల మహత్యం

బీటెక్ రెండో ఏడు. మా పెద్దమ్మ కూతురి నిశ్చితార్థం ఇంకో పది రోజులుంది. పక్క ఊళ్లో ఒక మందుల షాపుకెళ్లి ‘మచ్చలకి ఏదైనా క్రీము ఇవ్వండి’ అన్నాను. చీటీ ఉందా అని అడగలేదు. ఏం మచ్చలు, ఎప్పటి నుంచి అని కూడా అడగలేదు. నా ముఖం వైపు ఒకసారి చూసి ఓ చిన్న ట్యూబు తీసిచ్చారు. ‘రాత్రి పూట పల్చగా రాయమ్మా, వారంలో తెలుస్తుంది’ అన్నారు.

వారం దాకా ఎందుకు, నాలుగు రోజుల్లోనే తెలిసింది. ఎరుపు వెలిసింది. ముఖం నున్నగా, తేటగా అయింది. నిశ్చితార్థంలో పిన్ని నా గడ్డం పట్టుకుని ‘ఏం వాడుతున్నావే?’ అని అడిగింది. పేరు చెప్పేశాను. ఆ రోజు ఇంకో ముగ్గురికి కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ బాధ.

రెండు నెలలు రాశాక ట్యూబు అయిపోయింది. పరీక్షల హడావుడిలో కొనలేదు. మూడో రోజుకి ముఖం మంట. ఐదో రోజుకి చెంపలు మిరపకాయలా ఎర్రబడ్డాయి, చిన్న చిన్న పొక్కులు గుంపులుగా లేచాయి. పరుగెత్తుకెళ్లి ఇంకో ట్యూబు తెచ్చి రాశాను. ఒక్క రాత్రిలో తగ్గింది. ‘అబ్బ, ఎంత మంచి మందో’ అనుకున్నాను. చూశారా, ఉచ్చు ఎలా బిగుసుకుంటుందో!

అలా ఏడాది గడిచింది. చివర్లో రోజుకి రెండుసార్లు రాస్తే గానీ నిలబడేది కాదు. ఎండలో పది నిమిషాలుంటే కారం పూసినట్టుండేది. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు దారాల్లా కనపడసాగాయి. పై పెదవి మీద, చెంపల మీద నూగు పెరిగింది. స్నానం చేసి తుడుచుకుంటే చర్మం ఉల్లిపొరలా ఉందనిపించేది. అప్పుడు నాన్న బండి మీద విజయవాడ తీసుకెళ్లి చర్మ డాక్టరుకి చూపించారు. ఆవిడ నా ముఖం చూడకముందే ‘ఏం రాస్తున్నావు? ట్యూబు తెచ్చావా?’ అని అడిగారు. తీసిచ్చాను. వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. ‘ఈ మూడోది స్టెరాయిడ్’ అన్నారు.

స్టెరాయిడ్ చెడ్డ మందా? కాదు. తామర కాదు సుమా, ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బులకి డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే అది నిజంగా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నాకిచ్చిన మూడు మందుల మిశ్రమం కూడా మంగు మచ్చలకి డాక్టర్లు కొన్ని వారాల పాటు రాసేదే. చిక్కంతా దాన్ని ఫేస్‌క్రీములా వాడటంలో ఉంది. స్టెరాయిడ్ రక్తనాళాలను బిగిస్తుంది, వాపుని అణుస్తుంది. అందుకే ఎరుపు మాయమవుతుంది. చర్మం బాగుపడి కాదు, నోరు మూయించబడి. మానేయగానే ఆ నాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఈలోగా పైపొర పల్చబడుతుంది, మొటిమలు మళ్లీ పుడతాయి, ఫంగస్‌కి చోటు దొరుకుతుంది. ముఖం చర్మం అసలే పల్చన, మందుని త్వరగా పీల్చేస్తుంది. అరికాలికి వాడే మందు బుగ్గకి వాడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇది నా ఒక్కదాని గోల కాదు. 2011లో మన దేశ చర్మవైద్యుల పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దేశంలో 12 చోట్ల ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాస్తున్నవాళ్లే. అంటే వందలో దాదాపు 15 మంది. రంగు తేలడానికని కొందరు, మొటిమలకని కొందరు. ఈ పరిస్థితికి వైద్యులు ఒక పేరే పెట్టారు: ‘స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం’. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి గోల చేశాక, 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కాగితం మీద రూలు ఉంది. మందుల షాపు కౌంటర్ దగ్గర ఎంతవరకు ఉందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి ఈసారి ట్యూబు చేతికి రాగానే వెనక్కి తిప్పండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లుటికాసోన్, ఫ్లూసినోలోన్... చివర్లో ‘సోన్’, ‘సాల్’, ‘లోన్’ అని వినపడితే ఆగండి. ఎర్ర గీత, ‘ఆర్ ఎక్స్’ గుర్తు, ‘షెడ్యూల్ హెచ్’ అనే మాట ఉన్నాయేమో చూడండి. ఉంటే అది క్రీము కాదు, మందు. డాక్టరు చీటీ ఉంటేనే కొనాలి.

ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నారా? భయపడి ఒక్కసారిగా విసిరికొట్టకండి. డాక్టరుని కలవండి. ఎంత ఘాటు మందు, ఎంత కాలం అనేదాన్ని బట్టి మెల్లగా తగ్గించాలో, ఆపి వేరే మందు ఇవ్వాలో వాళ్లే చెప్తారు. మానేశాక కొన్నాళ్లు ముఖం ఇంకా ఎర్రగా అవుతుంది. ‘మందు మానేస్తే ఎక్కువైంది’ అని మళ్లీ అదే ట్యూబు దగ్గరికి వెళ్లేది ఇక్కడే. నాకు ఆ దశ దాటడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో రెండు పెళ్లిళ్లకి, ఒక పుష్కర స్నానాల ఆల్బమ్ ఫొటోకి ఎగ్గొట్టాను.

అసలు మీది ఏ మచ్చ?

డాక్టరుగారు నన్ను అడిగిన రెండో ప్రశ్న ఇది. మచ్చంటే మచ్చే కదా అనుకున్నాను. కాదట.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష ఉంది. శుభ్రమైన గాజు గ్లాసు తీసుకుని, అడుగు భాగాన్ని మచ్చ మీద మెల్లగా నొక్కి, గాజులోంచి చూడండి. లేదా ఎవరినైనా చూడమనండి. నొక్కినప్పుడు రంగు వెలిసి, తీయగానే మళ్లీ వస్తే అది రక్తనాళాల ఎరుపు. మొటిమ వాపుకి అక్కడి సన్నటి నాళాలు విచ్చుకుని, ఇంకా సర్దుకోలేదన్నమాట. నొక్కినా రంగు అలాగే ఉంటే అది మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం ఎక్కువగా పేరుకున్న గోధుమ మచ్చ. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. పైగా మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు ఎర్రగా కనపడదు, కాస్త ఊదాగా, ముదురుగా కనపడుతుంది. విదేశీ వీడియోలు చూసి ‘నాది ఎరుపు కాదు’ అనుకుని పొరపడేది అందుకే.

ఈ రెండూ నిజానికి గాయపు మచ్చలు కావు. మరకలు. కాలం గడిస్తే వెలుస్తాయి. కొన్ని వారాల నుంచి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది దాటొచ్చు. చేయి మీద చిన్నప్పుడు పడ్డ గాయం గుర్తుందా? మొదట ఎరుపు, తర్వాత గోధుమ, ఆ తర్వాత ఎక్కడుందో కూడా తెలియదు. ముఖం కూడా అంతే. కాకపోతే చేతిని మనం రోజుకి ముప్పైసార్లు ఫ్రంట్ కెమెరాలో చూసుకోం.

మూడోది గుంట. వేలితో తడిమితే తెలుస్తుంది. లోతైన మొటిమ మానేటప్పుడు లోపలి కొల్లాజెన్ తగ్గిపోతే అక్కడ చర్మం కుంగుతుంది. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి, అంచులు నిటారుగా ఉండేవి, అలల్లా కుంగి ఉండేవి, ఇలా రకాలున్నాయి. నాలుగోది ఉబ్బు. మానేటప్పుడు కొల్లాజెన్ ఎక్కువై గట్టిగా పైకి లేచేది. దవడ మీద, ఛాతీ మీద, భుజాల మీద వస్తుంటుంది. అది గాయం హద్దు దాటి పెరుగుతూపోతే కీలాయిడ్ అంటారు. దాన్ని కోయించుకుంటే మళ్లీ, ఇంకా పెద్దదిగా వచ్చే ప్రమాదముంది, అందుకే దాని జోలికి డాక్టరు తప్ప ఎవరూ వెళ్లకూడదు.

మొదటి రెండింటికి పూతమందులు పనికొస్తాయి. గుంటల్ని ఏ క్రీమూ పూడ్చలేదు. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే ఆన్‌లైన్‌లో కొన్న ఆరు సీసాల డబ్బు మిగిలేది.

ఎండ సంగతి ముందు

మచ్చ వెలవాలంటే మొదట ఆపాల్సింది ఎండ. కొత్తగా మానిన చర్మం మీద ఎండ పడితే గోధుమ మచ్చ ముదురుతుంది. మా వైపు ఎండ గురించి వేరే చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో సముద్రం గాలి తేమతో కలిసి ఉడికించేస్తుంది. నాట్ల సమయంలో మడిలో నీళ్ల మీద నుంచి, చెరువుల గట్ల మీద రొయ్యల పనికి వెళ్లేవాళ్లకి చెరువు నీళ్ల మీద నుంచి ఎండ కిందినుంచి కూడా కొడుతుంది. టోపీ పెట్టుకున్నా ముఖం కమిలేది అందుకే.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని రాసి ఉన్నది తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెడితే ముఖానికీ మెడకీ సరిపోయే మోతాదు. మనం మామూలుగా బఠాణీ గింజంత రాసి ‘పనిచేయట్లేదు’ అంటాం. చెమట పడితే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. జిడ్డు ముఖమైతే జెల్ రకం చూసుకోండి. గోధుమ మచ్చలున్నవాళ్లకి ఐరన్ ఆక్సైడ్ కలిపిన, కాస్త రంగున్న సన్‌స్క్రీన్ ఇంకా మేలు, ఎందుకంటే మామూలు వెలుతురు కూడా మన చర్మంలో మచ్చల్ని ముదురుస్తుంది. ఖరీదు ఎక్కువనిపిస్తే గొడుగు, చున్నీ, పెద్ద అంచు టోపీ ఉన్నాయి. అవి కూడా మందే.

తర్వాత ముఖం కడుక్కోవడం. రోజుకి రెండుసార్లు చాలు. స్క్రబ్బులతో రుద్దడం వద్దు. రుద్దితే మచ్చ పోదు, కొత్త మచ్చ పుడుతుంది. జిడ్డు చర్మమైనా పల్చటి మాయిశ్చరైజర్ రాయాలి.

పూతమందుల్లో నాకు డాక్టరు మొదట ఇచ్చింది అజెలాయిక్ యాసిడ్. ఎరుపు, గోధుమ రెండింటి మీదా, మిగిలిన మొటిమల మీదా పనిచేస్తుంది, అందుకే. మొదటి రెండు వారాలు చిమచిమలాడింది. నియాసినమైడ్ అంత చురుగ్గా పనిచేయదు గానీ నెమ్మదస్తురాలు, చాలా చర్మాలకి పడుతుంది. మొటిమలు ఇంకా వస్తున్నవాళ్లకి అడపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తారు. రెండోదాని గురించి ఒక హెచ్చరిక: నా గులాబీ రంగు తువ్వాలు, అమ్మ కొత్త దిండు గలీబు రెండూ తెల్లమచ్చలు పడి పాడైపోయాయి. అది బట్టల రంగు తినేస్తుంది. రాత్రి రాసుకుంటే తెల్ల గలీబు వాడండి. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు అడపలీన్, ట్రెటినాయిన్ లాంటివి రాయకూడదు. ఐసోట్రెటినాయిన్ మాత్రలైతే కడుపులో బిడ్డకి తీవ్రమైన హాని చేస్తాయి. స్నేహితురాలి స్ట్రిప్‌లోంచి ఒకటి తీసి వేసుకునే మాత్ర కాదది.

ఏ మందైనా రెండు మూడు నెలలు చూడాలి. వారంలో ఫలితం చూపించేదాన్నే అనుమానించాలని ఇప్పుడు నాకనిపిస్తుంది.

ఇక వంటింటి వైద్యం. నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే చర్మం కాలి, అదే కొత్త నల్లమచ్చ అవుతుంది. టూత్‌పేస్టు, వంటసోడా చర్మాన్ని పొక్కిస్తాయి. పసుపు విషమేం కాదు, అలాగని మచ్చ చెరిపే మందూ కాదు. సున్నిపిండి ఒంటికి బాగుంటుంది, కానీ మొటిమల ముఖం మీద పెట్టి నలుగు రుద్దితే చితికి ఊరుకుంటాయి. ఈ మాట అమ్మకి చెప్పే ధైర్యం మీకుంటే మీరే చెప్పండి, నేనైతే ‘రాస్తాలే అమ్మా’ అని కడిగేసుకునేదాన్ని. అన్నిటికంటే ముఖ్యం, గిల్లకండి. పక్కు కట్టినదాన్ని గోటితో లేపడం ఎంత హాయో నాకూ తెలుసు. నా ఎడమ బుగ్గ మీది మూడు గుంటల్లో రెండు నా గోళ్లు తవ్వినవే.

అబ్బాయిలూ, మీకు కూడా. గడ్డం గీసుకున్నాక వచ్చే పొక్కుల మీద మళ్లీ బ్లేడు పెడితే మచ్చలు పడతాయి. కొన్నాళ్లు ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోండి. హెల్మెట్ పట్టీ, లోపలి గుడ్డ ఉతకండి. హెల్మెట్ మాత్రం మానకండి.

మొటిమలతో పాటు నెలసరి తప్పుతుంటే, గడ్డం మీద గట్టి వెంట్రుకలొస్తుంటే పీసీఓఎస్ ఉందేమో చూపించుకోవాలి. ముఖం మీద ఎర్రగానో, పాలిపోయినట్టో మచ్చ ఉండి, తాకితే స్పర్శ తెలియకపోతే అది మొటిమ మచ్చ కాదు, కుష్ఠు కావచ్చు. దాచుకోవద్దు. పీహెచ్‌సీలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ముక్కు మీదుగా రెండు చెంపలకీ పరుచుకున్న ఎరుపు, దాంతో పాటు కీళ్లనొప్పులు, జ్వరం ఉన్నా డాక్టరు చూడాలి.

గుంటల లెక్క

గుంటలకి చేసేవి ప్రొసీజర్లు. సన్నటి లోతు గుంటల అడుగున ఘాటైన ఆమ్లాన్ని సూదిమొనంత పెట్టడం ఒకటి. చర్మం కింద లాగిపట్టుకున్న పోగుల్ని సూదితో తెంచడం ఒకటి. చిన్న సూదుల రోలర్‌తో కొల్లాజెన్‌ని మళ్లీ పుట్టించేది మైక్రోనీడ్లింగ్. లేజర్ సరేసరి. ఒక్కసారితో అయ్యేవి కావు, నాలుగైదు సిట్టింగులు మామూలే. మొటిమలు పూర్తిగా నెమ్మదించాకే మొదలుపెట్టాలి. ‘వంద శాతం పోతుంది’ అన్నారంటే ఆ కుర్చీలోంచి లేచి వచ్చేయండి. తగ్గుతాయి, మాయం కావు. మన రంగు చర్మానికి లేజర్ సెట్టింగు తప్పితే గుంట తగ్గి నల్లమచ్చ మిగలొచ్చు. అందుకని ఎవరు చేస్తున్నారో, వాళ్లు చర్మవైద్యంలో ఎండీ, డీడీవీఎల్ లాంటివి చదివారో లేదో అడగండి. అడగడం తప్పు కాదు.

పండగ ఆఫర్లో బ్యూటీపార్లర్ వాళ్లు సూదుల రోలర్ తిప్పుతామంటే ఒప్పుకోకండి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి సూదుల ట్రీట్‌మెంట్ చేయించుకున్న మహిళలకి హెచ్‌ఐవీ సోకింది. 2018లో బయటపడిన ఆ సంగతిపై అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ 2024లో నివేదిక ఇచ్చింది. అమెరికాలోనే అలా ఉంటే మన సందు చివర సంగతి చెప్పాలా?

డబ్బు లేదని ఆగిపోకండి. మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. విజయవాడలో పెద్దాసుపత్రి ఉంది. మచిలీపట్నంలో కూడా 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఇంట్లో నుంచి కదల్లేకపోతే ఫోన్‌లో ఈ-సంజీవని ఉంది, డాక్టరు ఉచితంగా మాట్లాడతారు. లైన్లో నిలబడాలి, ఒక పూట పోతుంది. ఏడాది పోగొట్టుకున్న నాకు ఒక పూట లెక్క కాదు.

నాయనమ్మ ముఖం

మా నాయనమ్మ ముఖం నిండా గుంటలే. చిన్నప్పుడు మశూచి వచ్చింది. ఇంట్లో ముగ్గురు పిల్లలకి ‘అమ్మవారు పోస్తే’ బతికింది ఈవిడొక్కతే. మన దేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో. 1980కల్లా ప్రపంచంలోనే లేకుండా పోయింది. అందుకే అలాంటి ముఖాలు ఇప్పుడు ముసలివాళ్లలో తప్ప కనపడవు.

ముఖానికి రంగులు పూయడం మాత్రం మా వైపు కొత్త కాదు. పక్కనే కూచిపూడి. పాతకాలపు వీధినాటకాల వాళ్లు ముఖానికి అర్దళం పూసుకునేవారు. పసుపు రంగు ఖనిజం, అందులో ఉండేది ఆర్సెనిక్. వాళ్లకి తెలియదు పాపం. మనకి అన్నీ తెలిసి కూడా లేబుల్ లేని ‘వైటెనింగ్’ డబ్బాలు కొంటున్నాం. 2023లో కేరళలో మలప్పురం జిల్లాలో కొందరికి అంతుపట్టకుండా కిడ్నీ జబ్బు వస్తే, డాక్టర్లు ఆరా తీసి తెల్లబరిచే క్రీముల్లోని పాదరసం దగ్గర తేలారు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా లేని డబ్బా ఎంత చవగ్గా వచ్చినా, ఎవరు గల్ఫ్ నుంచి తెచ్చిచ్చినా ముట్టుకోవద్దు.

నేను ఆ ఎనిమిది నెలలూ గదిలోంచి బయటికి రాకుండా కూర్చున్నప్పుడు నాయనమ్మ ఒకరోజు పక్కన కూర్చుంది. ఓదారుస్తుందేమో అనుకున్నాను. ‘నా పెళ్లప్పుడు మీ తాతయ్య వాళ్ల అమ్మ ఈ గుంటలు లెక్కపెట్టిందే’ అంది. ‘మరి నువ్వేం చేశావు నాయనమ్మా?’ అన్నాను. ‘ఏడ్చాను. ఏం చేస్తాను? ఇప్పుడైతే డాక్టర్లున్నారంటగా, నీకేం తక్కువే, చూపించుకో’ అంది. అందం లోపల ఉంటుందీ అదీ అని ఏమీ చెప్పలేదు. నాకు అదే నచ్చింది.

ఇప్పుడు నా ముఖం మీద ఎరుపు చాలావరకు వెలిసింది. ఎండలోంచి వస్తే మాత్రం ఓ గంట సేపు తెలుస్తుంది. దారాల్లాంటి నరాలు కొన్ని ఉండిపోయాయి. గుంటలు మూడూ ఉన్నాయి, సంక్రాంతి తర్వాత మొదటి సిట్టింగు. నిశ్చితార్థంలో నా దగ్గర పేరు తీసుకున్న నలుగురికీ ఫోన్లు చేశాను. ఇద్దరు అప్పటికే మానేశారు. ఒకావిడ ‘నాకేం కాలేదే’ అంది. పిన్ని మాత్రం డాక్టరు నంబరు పంపమంది.

మొన్న సన్‌స్క్రీన్ కోసం ఆ షాపుకే వెళ్లాను. నా ముందు స్కూలు డ్రెస్సులో ఓ అమ్మాయి, తొమ్మిదో పదో చదువుతుంటుంది. చేతిలో అదే ట్యూబు. ‘ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా’ అని తీసుకుని, వెనక్కి తిప్పి, ఎర్ర గీత చూపించాను, ఆ మూడో పేరు చదవమన్నాను. కూడబలుక్కుని చదివింది. షాపాయన మా ఇద్దరి వైపూ అదోలా చూశాడు.

‘ఇది నాక్కాదు అక్కా, మా అమ్మకి. రోజూ రాస్తుంది’ అంది ఆ పిల్ల.